మంచు దేశంలో మల్లెతీగ: పూలివ్వని రోజుల్లో దానికి మనం ఏమవుతాం?

షికాగో లాంటి చలి ఊళ్లలో ఉండే మనవాళ్లు కొందరు ఏటా మే నెలలో నర్సరీ నుంచి మల్లె మొక్క తెచ్చుకుంటారు. వేసవంతా దేవుడికి నాలుగు పూలొస్తాయి. అక్టోబర్‌లో గడ్డకట్టే చలికి ఆకులు నల్లబడితే చెత్తబుట్టలో వేసేసి, మళ్లీ మేలో ఇంకోటి. ఇందులో తప్పేముంది? మొక్కే కదా, రోజూ కూరలు తరగట్లేదా అనొచ్చు.

నా మట్టుకి తప్పుంది. పెరట్లో మల్లెపాదుని నెల రోజులు మర్చిపోయినా వాన చూసుకుంటుంది, వేరు కిందికి పోయి నీళ్లు వెతుక్కుంటుంది. కుండీలో వేరుకి పోయే చోటు లేదు. ఆ చలిదేశానికి అది తనంతట రాలేదు, మన పూజ కోసం మనం తెచ్చాం. తరిగిన కూర మన ఆకలి తీర్చింది. దీన్ని మాత్రం బతికించే వీలుండీ, పూలు అయిపోయాయని వదిలేస్తున్నాం. తేడా అక్కడుంది.

మరి ఇది మమకారం కాదా అని మీరు అడగొచ్చు. భాగవతం పంచమ స్కంధంలో భరతుడి కథ ఉంది. రాజ్యం వదిలి గండకీ తీరంలో తపస్సు చేసుకుంటూ, తల్లి చచ్చిపోయిన జింకపిల్లని నీళ్లలోంచి తీసి పెంచాడు. చివరికి దాన్నే తలుచుకుంటూ ప్రాణం విడిచి, జింకగా పుట్టాడు. ఈ కథ చెప్పి "చూశారా, జాలి పడితే ఇంతే" అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. జింకపిల్లని కాపాడటం ఆయన తప్పు కాదు. రానురాను దాని ధ్యాసలో పడి పూజ మానేశాడు, అదీ చిక్కు. మల్లె విషయంలో ఆ ప్రమాదం తక్కువే లెండి, వారానికి పది నిమిషాల పని.

నిజానికి చలికాలంలో ఎక్కువ మొక్కలు పోయేది నిర్లక్ష్యం వల్ల కాదు, అతిప్రేమ వల్ల. రాత్రిళ్లు 10 డిగ్రీలకి పడిపోకముందే కుండీ లోపలికి తేవాలి. ముందు ఆకుల అడుగున పిండినల్లి, ఎర్రనల్లి ఉన్నాయేమో చూసి, కడిగి, వేపనూనె కొట్టాలి. దక్షిణం కిటికీ దగ్గర పెట్టాలి. ఆ తర్వాత చేయి కట్టేసుకోవాలి. పైమట్టి ఒక అంగుళం ఎండితేనే నీళ్లు. ఎరువు వద్దు. నాలుగు ఆకులు పండి రాలగానే కంగారుపడి రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్లిపోతుంది. పోస్తే తృప్తి మనకి, నష్టం దానికి. మన మల్లెతోటల రైతులకి ఇది కొత్త కాదు. చలికాలంలో నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, ఆ తర్వాతే మళ్లీ తడి పెడతారు. అంటే సొంత నేలమీద కూడా మల్లెకి విశ్రాంతి ఉంది.

అన్నాళ్లూ పువ్వు లేకుండా పూజ ఎలా? ఉపచారానికి వస్తువు లేకపోతే అక్షతలు వేయడం మన సంప్రదాయంలోనే ఉంది. గీత తొమ్మిదో అధ్యాయంలో భగవంతుడు తీసుకుంటానన్నవాటిలో పువ్వుతో పాటు ఆకు ఉంది, నీళ్లూ ఉన్నాయి. మరి పూలివ్వని మొక్కకి కొలత ప్రకారం పోసే ఆ గ్లాసుడు నీళ్లు ఏ లెక్కలోకి వస్తాయి? నేనైతే పూజలోనే వేస్తాను. ఒప్పుకోని పెద్దలుంటారు, ఉండనివ్వండి.

ఫిబ్రవరి చివర్లో కొమ్మల్ని మూడో వంతు కత్తిరించండి. మల్లె మొగ్గ కొత్త చిగురు మీదే వేస్తుంది. మేలో మంచు భయం పోయాక, ముందు వారం పది రోజులు నీడలో ఉంచి, మెల్లగా ఎండకి అలవాటు చేయండి. మొదటి మొగ్గలు కనిపించాక సాయంత్రం, ఇంకా విచ్చకముందే కోయండి. అన్నీ కోయక్కర్లేదు, ఒకటి రెండు తీగకే వదిలేయండి.