కంచర గాడిదపై నెపోలియను

నిజమునకు మెఱుగు పెట్టుట పాపమా? మంచివాని గూర్చి నాలుగు మాటలు ఎక్కువ చెప్పినయెడల ఎవరికి నష్టము? ఈ ప్రశ్నను కొన్ని ఫ్రెంచి పటముల సహాయముతో ఆలోచించుదము.

1800 మే నెలలో నెపోలియను తన సేనతో ఆల్ప్సు కొండలు దాటెను. మరుసటి సంవత్సరము జాక్ లూయి దవీద్ అను చిత్రకారుడు అతనిని ముంగాళ్లెత్తిన గుఱ్ఱముపై, గాలికెగురు అంగీతో చిత్రించెను. నిజమునకు అతడు ఆ మంచుదారిలో కంచర గాడిదపై, ఆ ప్రాంతపువాడొకడు దారి చూపగా వెళ్లెను. పాల్ దెలారోష్ (1797–1856) ఆ సంగతినే పటముగా వ్రాసెను. 1850 నాటి అట్టి పటమొకటి లివర్పూలు చిత్రశాలలో నున్నది. అందులో అలసిన ముఖముగల సామాన్య మనుష్యుడు కనబడును. దెలారోష్ నెపోలియనును ద్వేషించినవాడు కాడు, గౌరవించినవాడే.

అయితే ఈ దెలారోషే 1833లో జేన్ గ్రే మరణమును చిత్రించినప్పుడు మెఱుగు పెట్టెను. ప్రొటెస్టంటు విశ్వాసము విడువని ఆ యౌవనస్థురాలు 1554 ఫిబ్రవరి 12న లండను కోటలో ఆరుబయట, నల్లని వస్త్రములతో మరణించెను. పటములోనో చీకటి గది, తెల్లని వస్త్రము! కాని చూచువారి గుండె కరగించునది ఆ తెల్లని వస్త్రము కాదు. కన్నులు కట్టబడి, తల ఉంచవలసిన మొద్దు కొరకు ఆమె తడవులాడుటయే. అది నిజముగా జరిగినది. నిజమే చాలియుండెను.

మన సాక్ష్యములలోను, మృతులైన పెద్దలను జ్ఞాపకము చేసికొను కూడికలలోను మనమెన్ని గుఱ్ఱములు చిత్రించుచున్నాము! తండ్రి దిగంబరత్వమును కప్పిన నోవహు కుమారులవలె ప్రేమతో మౌనముగా నుండుట వేరు. లేని గుఱ్ఱమును కల్పించుట వేరు. మొదటిది కనికరము, రెండవది అబద్ధ సాక్ష్యము.

దానివలన నష్టపోవువారు బలహీనులే. పడిపోయిన యౌవనస్థుడొకడు మందిరములో వెనుక కూర్చుండి, ఎన్నడును పడని భక్తుల కథలే వినినయెడల, ఇక్కడ తనకు చోటు లేదని లేచి పోవును. లేఖనములు అట్లు చేయలేదు. పేతురు బొంకుటను నాలుగు సువార్తలును చెప్పుచున్నవి. దావీదు పాపము అతని యేబదియొకటవ కీర్తన శిరస్సుననే వ్రాయబడియున్నది. వారి నిలుకడ వారి బలమువలన కాదు, దేవుని కృపవలననే అని మనకు తెలియవలెను గదా! మనిషిని పెంచి వ్రాసిన చోట కృపకు చోటు తగ్గును.

మన ప్రభువు యెరూషలేము ప్రవేశించినప్పుడు గాడిదపై వచ్చెను. సువార్తికులు దానిని గుఱ్ఱముగా మార్చలేదు. ఆయన మహిమకు లోటును రాలేదు. మనమును ఉన్నది ఉన్నట్లు చెప్పుకొందము.