పై అంతస్తు పద్మనాభుడిది

నాగర్‌కోయిల్ నుంచి తిరువనంతపురం వెళ్లే దారిలో, తక్కలైకి దగ్గర్లో పద్మనాభపురం రాజభవనం ఉంది. పద్మనాభపురం ఒకప్పుడు తిరువాన్కూరు రాజ్యానికి రాజధాని. 1956లో కన్యాకుమారి జిల్లా ఇప్పటి తమిళనాడులో కలిసిపోయినా, ఈ భవనం మాత్రం కేరళ పురావస్తు శాఖ చేతుల్లోనే ఉంది.

ఏటవాలు పెంకుటి కప్పులు, చెక్కడపు స్తంభాలు, కొబ్బరి చిప్పల బొగ్గూ సున్నమూ కలిపి నునుపు తేల్చిన నల్లటి నేల చూసి సందర్శకులు ముచ్చటపడతారు. ఆగి ఆలోచించవలసిన చోటు మాత్రం ఉప్పరిక మాళిక. అది నాలుగంతస్తుల మేడ. కింద ఖజానా, దాని మీద రాజు పడకగది. అక్కడి మంచాన్ని 64 రకాల ఔషధపు కర్రలతో చేశారంటారు. ఆపైన ఉపవాస దినాల్లో రాజు గడిపే గది. అన్నిటికన్నా పైన, గోడల నిండా 18వ శతాబ్దపు వర్ణచిత్రాలతో పూజామందిరం. రాజు ఎంతటివాడైనా నిద్రపోయేది దేవుడి కిందే.

ఈ మేడ మార్తాండవర్మ కాలానిది. 1741లో కొలచ్చల్ దగ్గర డచ్చివారిని ఓడించిన రాజు ఆయన. 1750 జనవరిలో రాజ్యాన్నంతా తిరువనంతపురంలోని అనంతపద్మనాభస్వామికి ధారపోసి, పద్మనాభదాసుడనే పేరుతో మళ్లీ తానే ఏలాడు. దాన్ని తృప్పడిదానం అంటారు.

ఇచ్చేసి తానే ఏలుకుంటే, అది ఇచ్చినట్టేనా?

ఎదురుతిరిగిన ప్రభువులను అణచి, ఇరుగుపొరుగు రాజ్యాలను కలుపుకున్న రాజుకు ఈ దానం రాజకీయంగా కలిసొచ్చింది. ఇక తిరుగుబాటంటే దైవద్రోహమే. ఈ వాదనలో బలముంది. కానీ శ్రీవైష్ణవులు చెప్పే శేషత్వం ప్రకారం జీవుడికి సొంతమన్నదే లేదు, అంతా స్వామి సొత్తే. అప్పుడు రాజు ఏం పోగొట్టుకున్నాడన్న ప్రశ్నే నిలవదు. స్వామి సొత్తును స్వామి మనుషుల కోసం ఎలా చూసుకున్నాడన్నదే అడగాలి.

అలా అడిగితే జవాబు బాధపెడుతుంది. పద్మనాభుడి రాజ్యంలో పద్మనాభుడి ప్రజలే, తక్కువ కులాలన్న ముద్రతో, గుడి గడప తొక్కలేకపోయారు. గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడిచే హక్కు కోసం 1924లో అదే రాజ్యంలోని వైక్కంలో సత్యాగ్రహం చేయవలసి వచ్చింది. యజమాని బిడ్డలను గుమ్మంలోనే ఆపే అధికారం దాసుడికి ఎవరిచ్చారు?

మార్తాండవర్మ మనసులో నిజమైన భక్తి ఉండి ఉండవచ్చు. అయినా ఆ సమర్పణ 186 ఏళ్లపాటు సగమే జరిగింది. 1936 నవంబరు 12న చిత్తిర తిరునాళ్ మహారాజు ఆలయ ప్రవేశ ప్రకటన చేసి, ప్రభుత్వ అజమాయిషీలోని గుళ్ల తలుపులు హిందువులందరికీ తెరిచాడు. ఆయన బిరుదుల్లోనూ మొదటిది పద్మనాభదాస.