తుప్పు తినివేయు ధనము
(ధ్యాన భాగములు: మత్తయి 6:19–24, యెషయా 46:1–4)



గడచిన మాసము ఆరాధన ముగిసిన తరువాత మన సంఘ పెద్దలలో ఒకరు ఒక ఛాయాపటమును మా చేతికిచ్చి, "అయ్యగారూ, ఇది విగ్రహమా కాదా, మీరే చెప్పండి" అని అడిగిరి. చూడగా అది ఎర్రని పాత కారు. ఆయన కుమారుడు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. 1969వ సంవత్సరపు పాంటియాక్ జీటీఓ కారు ఒకటి కొని, రెండేండ్లుగా తీరిక దొరికినప్పుడెల్ల దాని క్రింద పండుకొని బాగుచేయుచున్నాడట. దానికైన ఖర్చు విని తండ్రి ఫోనులోనే, "నువ్వు బంగారు దూడను చేసుకున్నావురా" అనెను. అది మొదలు కుమారుడు తల్లితో మాట్లాడునే గాని తండ్రితో మాట్లాడుట మానెను. ఇట్టి సంగతి ఒక్క ఇంటిది కాదు గనుక, వారి అనుమతితోనే, పేర్లు చెప్పక వ్రాయుచున్నాము.

ఈ కార్లను ఆ దేశస్థులు మజిల్ కార్లు అందురు. కండబలము గల కార్లని భావము. వీటిలో పేరుగన్న జీటీఓ 1964వ సంవత్సరపు కారుగా బయటికి వచ్చెను. నడిమి సైజు కారులో పెద్ద కారుకు తగిన ఎనిమిది సిలిండర్ల ఇంజను అమర్చుటయే దాని కిటుకు. ఆ మొదటి ఇంజను 389 ఘనపు అంగుళములు, అనగా సుమారు 6.4 లీటర్లు. మన గ్రామములకు వచ్చు చిన్న కార్ల ఇంజను ఒక లీటరుకు అటు ఇటుగా నుండును. అట్టి నడిమి కార్లలో 330 ఘనపు అంగుళములకు మించిన ఇంజను పెట్టరాదని పై కంపెనీయైన జనరల్ మోటార్సు నియమము చేసియుండెను. పాంటియాక్ వారు దీనిని క్రొత్త కారుగా గాక, ఉన్న కారుకే కోరినవారికిచ్చు అదనపు సామానుగా చూపి ఆ నియమమును దాటిరి. (అక్షరమును గైకొని ఆత్మను తప్పించుకొనుట పరిసయ్యులతోనే అంతము కాలేదు!) ఆ యేడు 32,450 కార్లు అమ్ముడుపోయెను. తక్కిన కంపెనీలు వెంటబడినవి. అయితే ఇన్సూరెన్సు రుసుములు పెరిగినవి. 1970లో గాలి శుభ్రతకు గట్టి చట్టము వచ్చెను. 1973లో అరబ్బు దేశములు చమురు నిలిపివేసెను. 1974తో ఆనాటి జీటీఓ తయారీ ఆగిపోయెను. పదేండ్ల వైభవము.

ఇప్పుడు మిగిలినవాటిని నిలుపుకొనుట తుప్పుతో యుద్ధము. మిషిగన్ వంటి చలి ప్రదేశములలో మంచు కరగుటకు రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు ఎగజిమ్మి కారు నేలరేకును, వెనుక చక్రముల మీది రేకును, డిక్కీ అడుగును లోపలినుండి తినివేయును. పైన రంగు నిగనిగలాడుచుండగనే క్రింద జల్లెడయై యుండును. మత్తయి 6వ అధ్యాయములో మన బైబిలునందు తుప్పు అని యున్నచోట గ్రీకు భాషలో 'బ్రోసిస్' అను మాట యున్నది. దాని మూలార్థము తినుట. ఇనుప పని చేయువారికి ఈ మాటకు వ్యాఖ్యానము అక్కరలేదు.

నడుపకుండ దాచిపెట్టినను కుదరదు. పెట్రోలు చెడిపోవును, బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును, రబ్బరు సీళ్లు ఎండిపోవును. పూర్వము పెట్రోలులో కలిపిన సీసము వాల్వులు కూర్చుండు చోటును అరుగుదలనుండి కాపాడెడిది. సీసము మనుష్యులకు విషము గనుక 1996 నుండి అమెరికాలో రోడ్డుమీద నడచు కార్లకు ఆ పెట్రోలును నిషేధించిరి. అది మంచి పనియే. అందుచేత పాత ఇంజను తలను విప్పి గట్టి సీట్లు వేయించువారు అనేకులు.

ఈ కార్లు కొనువారు జేబులో చిన్న అయస్కాంతము పెట్టుకొని పోవుదురు. తుప్పు తినిన చోట లప్పము పూసి రంగువేసి అమ్మువారున్నారు. కంటికి తేడా తెలియదు గాని, అయస్కాంతము రేకును పట్టును, లప్పమును పట్టదు. సున్నము కొట్టిన సమాధులను గూర్చి ప్రభువు చెప్పినది మాకు వెంటనే జ్ఞాపకము వచ్చెను. ఇంతకంటె పెద్ద మోసము అంకెలది. ఇంజను బ్లాకు మీద చెక్కిన అంకెలు కారు అంకెలతో సరిపోయినయెడల ధర ఎంతో పెరుగును. గనుక పాత అంకెలు అరగదీసి క్రొత్తవి కొట్టువారును, సాధారణమైన కారుకు జీటీఓ బిళ్లలు తగిలించి జీటీఓయని అమ్మువారును లేకపోలేదు. సంతలో ఎద్దు పండ్లు చూచి కొను మన రైతులకు ఇది క్రొత్త పాఠము కాదు. దొంగ త్రాసును గూర్చి సామెతల గ్రంథము ఏమి చెప్పునో మనకు తెలియును.

ఇక పెద్దగారి ప్రశ్నకు వత్తము. లోహమును ప్రేమతో బాగుచేయుట పాపమా? కాదని మేము నమ్ముచున్నాము. నిర్గమకాండము 31వ అధ్యాయములో బెసలేలును దేవుడు తన ఆత్మతో నింపినది ప్రసంగించుటకు కాదు, బంగారుతోను వెండితోను ఇత్తడితోను పని చేయుటకే. చేతిపనిని దేవుడు తక్కువగా చూడలేదు. అయినను ప్రత్యక్ష గుడారము వేరు, కారు షెడ్డు వేరు. అత్తరు బుడ్డి పగులగొట్టిన స్త్రీ ఉదంతమును ఇట్టి ఖర్చులకు సాకుగా తెచ్చువారున్నారు. అది తగదు. ఆమె పోసినది ప్రభువు మీద, రేకు మీద కాదు.

యెషయా 46వ అధ్యాయము మాకు ఇచ్చట ఎక్కువ వెలుగునిచ్చెను. బబులోనువారి దేవతలు పశువుల మీద బరువులై మోయబడుచున్నవి. యెహోవాయైతే తన ప్రజలను తల నెరియువరకు తానే మోయును. విగ్రహమును గుర్తించుటకు ఇంతకంటె సులువైన గురుతు ఏది? దానిని మనము మోయవలెను. కారు మనుష్యుని మోయుటకు చేయబడినది. 2014లో సియాటిల్ పట్టణపు వేలములో 1971వ సంవత్సరపు ప్లిమత్ హెమీ కుడా కారు ఒకటి 35 లక్షల డాలర్లు పలికెను. అంత వెల పెట్టి కొనినవాడు దానిని చినుకులలో బయటికి తీయుటకు ధైర్యము చేయునా? అట్టిచోట ఎవరు ఎవరిని మోయుచున్నట్లు?

ఓక్లహోమా రాష్ట్రములోని టల్సా పట్టణస్థులు 1957లో ఒక క్రొత్త ప్లిమత్ కారును కాంక్రీటు గదిలో పెట్టి కోర్టు ఆవరణలో పాతిపెట్టిరి. యాబది యేండ్ల తరువాత పట్టణ జనాభా ఎంతయుండునో దగ్గరగా ఊహించినవారికి ఆ కారు బహుమానము. అప్పటికి పెట్రోలు దొరకదేమోనని పెట్రోలు కూడ దానితో పెట్టిరి. అణుబాంబుకైనను ఆ గది నిలుచునని నమ్మిరి. 2007లో త్రవ్వి తీయగా గది నిండ నీళ్లు. కారు మట్టి పట్టి తుప్పు ముద్దయై యుండెను. గెలిచిన మనుష్యుడో 1979లోనే చనిపోయియుండెను. తలాంతును భూమిలో దాచిన దాసుని కథకు ఇది రెండవ ముద్రణ వలె నున్నది.

దీనికి ఎదురుగా మరియొక కారును చెప్పవలెను. 1968లో వచ్చిన 'బులిట్' అను చలనచిత్రమున స్టీవ్ మెక్వీన్ అను నటుడు నడిపిన మస్టాంగ్ కారును 1974లో ఒక గృహస్థుడు 6,000 డాలర్లకు కొనెను. ఆయన భార్య ఉపాధ్యాయిని. దానిలోనే బడికి వెళ్లివచ్చెడిది. 1977లో ఆ నటుడే తిరిగి అమ్మవలసినదిగా ఉత్తరము వ్రాసినను ఇయ్యలేదు. 1980లో క్లచ్చి చెడి కారు నిలిచిపోయెను. 2020లో ఆ కుటుంబము వేలము వేయగా 34 లక్షల డాలర్లు వచ్చెను. పత్రికలన్నియు ఆ వెలనే పొగడినవి. మా దృష్టికి మాత్రము ఆ కారు ఘనత, ఒక పంతులమ్మ పుస్తకములు వెనుక సీటులో పడవేసి బడికి నడిపిన ఆ ఆరేండ్లు.

ఈ మాటలన్నియు పెద్దగారితో చెప్పి కొన్ని ప్రశ్నలు అడిగితిమి. కుమారుడు అప్పు చేసెనా? లేదట. ఇంటికి పంపుట మానెనా? నెల నెల పంపుచునే యున్నాడు. ఆదివారము ఆరాధన? దానికి ఆయన కొంతసేపు పలుకక, "ఎండాకాలంలో అప్పుడప్పుడు తప్పుతున్నాడని వాళ్ల అమ్మ అంది" అనెను. ఈ విషయమున మేము కుమారుని పక్షము వహింపము. తండ్రి ఆ ఒక్కటి చెప్పియుండిన న్యాయముగా నుండెడిది. బంగారు దూడ యనుట మాత్రము ఎక్కువైన మాట.

పిమ్మట మేము ఆయనను మరియొకటి అడిగితిమి. ఆయన పశువుల కొట్టము ప్రక్క రేకుల పాకలో పాత ఆయిల్ ఇంజను ఒకటి యున్నది. కరెంటు మోటారు వచ్చి ఇరువది యేండ్లు దాటినను, ఏటేట పండుగ ముందు దానిని విప్పి, కడిగి, గ్రీజు పెట్టి, ఒకసారి త్రిప్పి చప్పుడు విని, మరల గోనెపట్టా కప్పును. దానివలన ఏమి ప్రయోజనమని అడిగితిమి.

"అది మా నాయన కొన్నది అయ్యగారూ" అని ఊరకుండెను.

ఆ సాయంకాలము మా వరండాలోనే కూర్చుండి కుమారునికి ఫోను చేసెను. ఇద్దరికిని మాటలు దొరకలేదు. వర్షములు పడినవా, అమ్మ మోకాలి నొప్పి ఎట్లున్నది, ఇంతే. చివరకు ఆయనే, "ఆ బండి ఒకసారి స్టార్టు చేసి వినిపించరా" అనెను. అక్కడ అప్పుడే తెల్లవారుచున్నది. కొంతసేపటికి ఆ ఇంజను చప్పుడు ఫోనులో గరగరలాడుచు వచ్చెను. పెద్దగారు ఫోనును చెవికి గట్టిగా ఆనించుకొని, కన్నులు మూసికొని వినిరి.

"ఒక సిలిండరు మిస్సు కొడుతుందిరా అబ్బాయ్, చూసుకో" అనిరి.