నీడలో విచ్చని పువ్వు

పూజకు ఏ పువ్వు తగినదన్నది మన సంప్రదాయంలో చిన్న ప్రశ్న కాదు. వాడినవి, వాసన చూసినవి తగవని పెద్దలు చెప్పారు. విచ్చని మొగ్గలను కూడా సాధారణంగా అర్పించరు. ఈ నియమాలను పాటిస్తూ దక్షిణాఫ్రికాలో నివసించే మనకు గజానియా ఒక ధర్మసందేహాన్ని కలిగిస్తుంది.

గజానియా ఈ నేల బిడ్డ. క్వాజులు-నాటాల్ సముద్రతీరపు ఇసుకదిబ్బల మీద సైతం పెరుగుతుంది. 15వ శతాబ్దపు గ్రీకు పండితుడు థియోడోరస్ గాజా పేరు మీద ఐరోపా శాస్త్రజ్ఞులు దీనికి పేరు పెట్టారు. పేరు పరాయిదైనా పుట్టుక ఇక్కడిదే. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు దీని కుటుంబం వారే.

మన శాస్త్రాలు ఎరుగని పువ్వు దేవునికి ఎలా తగునని కొందరికి అనిపించవచ్చు. దీనికి బంతిపువ్వే సమాధానం. దాని జన్మస్థానం మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. అయినా నేడు అది లేనిదే మన గుమ్మానికి తోరణం లేదు, బతుకమ్మకు నిండుదనం లేదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది. ఆనాటి నుంచి వచ్చిన మన పూర్వులు తమ దైవాన్ని ఈ మట్టిలోనే నిలుపుకున్నారు. దైవం ఇంత దూరం రాగా, ఇక్కడి పువ్వు ఆయన పాదాలను చేరరాదా?

అసలు చిక్కు వేరొకటి. గజానియా ఎండలోనే విచ్చుకుంటుంది. మబ్బు కమ్మినా, పొద్దు వాలినా ముడుచుకుంటుంది. ఉదయం కోసి గర్భగుడి నీడకు తెచ్చినా అంతే, రేకులు మూసుకుంటాయి. పూజకు పనికిరాని పువ్వని తేల్చివేయడం సులభం. కాని దానిని ఎండ నుంచి వేరు చేసినది మన చేయి కాదా?

కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ ఘంటసాల గళంలో విన్నవారికి పువ్వును తుంచడంలోని నొప్పి తెలుసు. అయితే కోయడమే పాపమనడం కూడా తొందరపాటే. వాడిన పూలను తుంచకపోతే గజానియా సత్తువ గింజలకు పోయి పూత తగ్గుతుంది. పూలసాగు మీద బ్రతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కనుక కోయాలా వద్దా అన్నదానికంటే లోతైన ప్రశ్న ఒకటుంది: మనం అర్పించేదానిలో మనది ఎంత?

రంగు, రేకు, వికాసం మనవి కావు. మనవంటూ ఉన్నవి శ్రమ, నిగ్రహం. ఈ మొక్క కోరేది నిండు ఎండ, నీరు నిలవని నేల, కొద్దిపాటి తడి. ప్రేమతో రోజూ నీరు పోస్తే వేరు కుళ్ళుతుంది. ప్రేమించినదానికి మనకు తోచినంత కాక, దానికి కావలసినంతే ఇవ్వడం కూడా ఒక సాధన. అహింసను, ఇంద్రియనిగ్రహాన్ని, భూతదయను పెద్దలు పువ్వులుగా ఎంచి అష్టపుష్పాలలో చేర్చారు. ఆ పువ్వులు ఏ నీడలోనూ ముడుచుకోవు.

అందుచేత లోపలి పూజకు బంతి, చామంతి ఉండనే ఉన్నాయి. గజానియాను ఆలయప్రాంగణంలో, ఈ దేశంలో ఎండ బాగా పడే ఉత్తరపు వైపున, ప్రదక్షిణమార్గం వెంట పెంచుదాం. మధ్యాహ్నవేళ అది విచ్చుకొని ఉన్నచోటనే దానిని దేవునిదిగా భావించి నమస్కరిద్దాం. అర్పణకు పువ్వు మన చేతిలోకి రావలసిన అవసరం లేదు. అది మనది కాదన్న ఎరుక ఉంటే చాలు.