చెప్పినామె, రాసినాయన

ఎమ్.ఏ.లో మాకు 'రోమియో అండ్ జూలియట్' పాఠం. పాఠం పూర్తయ్యాక మా మేడమ్ ఒక మధ్యాహ్నం బాజ్ లూర్మన్ 1996లో తీసిన సినిమా వేసి చూపించారు. కాపులెట్ల ఇంటి విందులో మెర్క్యూషియో ఆడవేషం కట్టి, తెల్ల విగ్గుతో, తళుకుల బట్టలతో ఒక పాటకి పెదవులు కలుపుతూ ఆడతాడు. క్లాసంతా ఈలలు, చప్పట్లు. 'యంగ్ హార్ట్స్ రన్ ఫ్రీ' అనే పాట అది. సినిమాలో పాడింది కిమ్ మజెల్. పడుచు వాళ్ళు, ప్రేమ, స్వేచ్ఛ. కథకి అతికినట్టుందనుకుని మర్చిపోయాను.

అది పెళ్ళి గురించి ఒక స్త్రీ చేస్తున్న హెచ్చరిక అని తెలియడానికి నాకు మరో ఐదారేళ్ళు పట్టింది. థీసిస్ రాసే రోజుల్లో ఒక రాత్రి నిద్ర పట్టక, 1976లో కాండీ స్టేటన్ పాడిన అసలు పాట వెతుక్కుని విన్నాను. ఈసారి మాటలు విన్నాను. అందులో మాట్లాడేది పిల్లలున్న ఇల్లాలు. భర్త బయట కనపడ్డ ప్రతి ఆడదాని వెంటా తిరుగుతుంటాడు. ఆమె ఆ ఇంటినుంచి వెళ్ళిపోవాలని పదే పదే అనుకుంటుంది. వెళ్ళలేదు. తన వల్ల కానిది ఇంకా చిక్కుకోని చిన్నవాళ్ళకి చెప్పుకుంటుంది. అంటే ఆ పాటలో విడుదల ఉన్నది వినేవాళ్ళకే, పాడే మనిషికి లేదు. వయొలిన్లూ బాకాలూ ఆగని డ్రమ్మూ మాత్రం లేచి ఆడమంటుంటాయి. డిస్కో పాటల్ని పైపై సంబరాలుగా కొట్టిపారేసే మన పండిత అలవాటు నాలోనూ ఉందని ఆ రాత్రి తెలిసింది.

ఈ పాట పుట్టిన వైనం స్టేటన్ చాలా ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఆమె 1940లో అలబామాలో హాన్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. పిల్లగా ఉన్నప్పుడే జ్యుయెల్ గాస్పెల్ ట్రియో అనే బృందంతో ఊరూరా తిరిగి భక్తిగీతాలు పాడింది. చిన్న వయసులో పెళ్ళి, వరసగా పిల్లలు, దెబ్బలు. 1960ల చివర మజిల్ షోల్స్‌లో ఫేమ్ స్టూడియో నడిపే రిక్ హాల్ దగ్గర సోల్ పాటలు పాడి పేరు తెచ్చుకుంది. 1970ల మధ్యకొచ్చేసరికి మళ్ళీ ఒక హింసాత్మక సంబంధంలో ఉంది. వార్నర్ బ్రదర్స్ కోసం ఆమె రికార్డు తయారుచేస్తున్న డేవిడ్ క్రాఫర్డ్, నీ బతుకులో ఏం జరుగుతోందని ఒకరోజు మాటల్లో అడిగాడట. చెప్పింది. ఆమె చెబుతుంటే అతను రాసుకుంటూ కూర్చున్నాడు. ఎప్పటికీ నిలిచిపోయే పాట ఒకటి నీకోసం రాస్తానన్నాడు. అన్నట్టే రాశాడు. 1976లో అమెరికా సోల్ పాటల పట్టికలో అది మొదటి స్థానానికి వెళ్ళింది. అన్ని రకాల పాటలూ కలిసిన పట్టికలో 20, బ్రిటన్‌లో 2. రికార్డు మీద రచన అన్న చోట ఉన్నది ఒక్క పేరే, క్రాఫర్డ్‌ది.

చదవగానే నాకు కోపం వచ్చింది. ఆమె బతుకు, అతని పేరు. స్త్రీవాద విమర్శలో పెరిగినవాళ్ళకి ఈ కోపం తేలిగ్గానే వస్తుంది. ఇందులో తెల్లవాడు నల్ల సంగీతాన్ని దోచుకున్న పాత కథ లేదు. క్రాఫర్డ్ కూడా నల్లవాడే, గాస్పెల్ తెలిసినవాడే. పైగా నేను చదివిన ఇంటర్వ్యూల్లో స్టేటన్ ఈ సంగతి ఫిర్యాదుగా చెప్పలేదు. తన మాట ఒకరు పట్టించుకుని విన్నారన్న తృప్తితో చెప్పింది. అయినా నా కోపం పోలేదు. ఆమె తరఫున నేను పడుతున్న కోపం ఆమెకి అక్కర్లేదేమో అన్న అనుమానం మాత్రం వచ్చింది.

చట్టం ఏమంటుందో చూస్తే కోపానికి గట్టి కారణమే దొరుకుతుంది. కాపీరైట్ దృష్టిలో జీవితం ఎవరి రచనా కాదు. కాగితం మీదో టేపు మీదో స్థిరపడిందే రచన, దాన్ని అలా స్థిరపరిచినవాళ్ళే కర్త. చెప్పిన నోటికి చట్టంలో చోటు లేదు. అమెరికాలో 1972 దాకా సౌండ్ రికార్డింగులకి ఫెడరల్ కాపీరైటే లేదు. అప్పుడు ఇచ్చింది కూడా దొంగ నకళ్ళు ఆపడానికి పనికొచ్చేదే. ఈ పాట వచ్చిన 1976లోనే కొత్త కాపీరైట్ చట్టం చేశారు. అయినా మామూలు రేడియోలో పాట వేస్తే డబ్బు రాసినవాళ్ళకీ వాళ్ళ ప్రచురణ కంపెనీకీ వెళుతుంది తప్ప పాడినవాళ్ళకి రాదు. 1995 చట్టం డిజిటల్ ప్రసారాలకి కొంత హక్కు ఇచ్చింది. పాత రేడియో సంగతి ఇప్పటికీ అంతే. 'రెస్పెక్ట్'ని ఒటిస్ రెడ్డింగ్ 1965లో రాసి పాడాడు. అరీతా ఫ్రాంక్లిన్ 1967లో దాన్ని స్త్రీ నోటి మాటగా తిరగేసి లోకమంతా తెలిసేలా చేసింది. రేడియో రాయల్టీ మాత్రం రెడ్డింగ్ వైపుకే. గాయనీ గాయకులకి మన దేశంలో రాయల్టీ హక్కు చట్టంలోకి ఎక్కింది 2012 సవరణతోనే. అంటే పాడడాన్ని పనిగా చూడడానికి మనకీ అంతకాలం పట్టింది.

అయితే ఆ పాట ఆమెదే అని నేను ఎందుకు అంటున్నాను? అనుభవించింది గనక. ఇది మనకి బాగా అలవాటైన జవాబు. 1993లో 'నీలి మేఘాలు' వచ్చిన రోజుల్లో జరిగిన వాదాల్నీ, 2003 నాటి 'నల్లపొద్దు'నీ లైబ్రరీలో చదువుకుని వచ్చిన తరం మాది. అనుభవానికి ప్రామాణికత ఉందని, బాధపడినవాళ్ళే మాట్లాడాలని మాకు నేర్పిన పుస్తకాలవి. ఆ పాఠం అవసరం తీరిపోయిందని నేను అనను. కానీ స్టేటన్ పాటల జాబితాలోనే దానికి ఒక చిక్కు ఉంది. 1970లో ఆమె పాడి గ్రామీ నామినేషన్ దాకా వెళ్ళిన పాట 'స్టాండ్ బై యువర్ మ్యాన్'. మొగుడు ఎలాంటివాడైనా పక్కన నిలబడమని స్త్రీకి చెప్పే పాట. బిల్లీ షెరిల్‌తో కలిసి దాన్ని రాసింది టామీ వైనెట్ అనే స్త్రీ. ఆరేళ్ళ తర్వాత అదే గొంతు, అలా చిక్కుకోకండి అని పాడింది. ఈ మాట రాసింది మగవాడు. ఓర్చుకోమన్న కలం ఆడది, పారిపొమ్మన్న కలం మగవాడిది. అనుభవం నుంచి రచనకి నేరుగా దారి వేసే మన సూత్రం ఇక్కడ తడబడుతుంది.

నాకు దారి చూపింది ఏంజెలా డేవిస్. 1998లో వచ్చిన 'బ్లూస్ లెగసీస్ అండ్ బ్లాక్ ఫెమినిజం'లో ఆమె మా రేనీ, బెస్సీ స్మిత్, బిల్లీ హాలిడేల గురించి రాసింది. హాలిడే పాడినవాటిలో ఎక్కువ భాగం ఇతరులు రాసిచ్చిన సాదా ప్రేమపాటలు. వాటి మాటలు అలాగే ఉంచి, లాగి, ఆపి, వెనకబెట్టి, వాటి అర్థాన్నే ఆమె ఎలా విమర్శగా మార్చిందో డేవిస్ చూపిస్తుంది. అది చదివాక స్టేటన్ పాట మళ్ళీ పెట్టుకున్నాను. ఈసారి గాయాన్ని పక్కనపెట్టి పనితనం వినడానికి ప్రయత్నించాను. ఆ గొంతులో ముప్పై ఏళ్ళ గాస్పెల్ ఉంది. ఎక్కడ అరవాలో, ఎక్కడ అరుపు మింగాలో తెలిసిన గొంతు. ఉల్లాసపు తాళం మీద ఏడుపు పాడుతూ తాళాన్నీ చెడగొట్టకుండా, ఏడుపునీ చెడగొట్టకుండా నెగ్గుకొస్తుంది. ఆ దెబ్బలు తిన్న స్త్రీలు లక్షలమంది ఉంటారు. అలా పాడగలిగింది ఆమె. పాట ఆమెది అనడానికి నేను మొదట చూపిన కారణం ఆమెని బాధితురాలిగానే ఉంచింది. కళాకారిణిగా ఆమెకి దక్కాల్సిన దాన్ని నేనూ క్రాఫర్డ్ ఖాతాలోనే వేశాను.

ఇదంతా నాకు ఎందుకు ఇంత పట్టిందో చెప్పాలి. నా థీసిస్ నాట్ల పాటల మీద. నల్లగొండ జిల్లాలో ఒక ఊళ్ళో ఒక పెద్దమ్మ దగ్గర మూడు సీజన్లు కూర్చుని పాటలు రికార్డు చేసుకున్నాను. నేను నాట్లు వేయించుకునే ఇంట్లోంచి వచ్చినదాన్ని, ఆమె వేసే మనిషి. ఒకరోజు పాటల మధ్య ఆమె తన మొగుడి గురించి, ఒక రాత్రి గురించి చెప్పింది. ఫోను ఆన్‌లోనే ఉంది. ఆపాలని నాకు తోచలేదు. తోచిందేమో, ఆపలేదు. ఆ మాటలు నా నాలుగో అధ్యాయానికి గుండెకాయ అయ్యాయి. ఆమె అన్న ఒక వాక్యమే ఆ అధ్యాయానికి శీర్షిక. వైవాలో పరీక్షకులు ఆ అధ్యాయాన్నే మెచ్చుకున్నారు. పరిశోధనా నియమం ప్రకారం ఆమె పేరు మార్చాను. ఆమెకి రక్షణ అనుకున్నాను. ఆ మార్పుతో ఆమె కట్టి పాడిన పాటల మీద నుంచి కూడా ఆమె పేరు ఎగిరిపోయింది. అట్ట మీద మిగిలింది నాది.

ఇది నాతో మొదలైంది కాదు. మన స్త్రీల పాటల సంకలనాలు ఎన్నిటినో తిరగేయండి. అట్ట మీద సేకర్త పేరు ఉంటుంది, లోపల 'ఒక వృద్ధురాలు పాడగా' అన్న మాట ఉంటే అదే గొప్ప. దీనికి ఎదురుగా నాకు ఎప్పుడూ కనపడే పుస్తకం స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. అందులో తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ పేర్లతో మాట్లాడతారు. వినేవాళ్ళు తమ వినడాన్ని కూడా ప్రశ్నించుకుంటారు. అది చదివి, నోట్సు రాసుకుని, థీసిస్‌లో ఉటంకించి కూడా నేను చేసింది ఇదీ.

థీసిస్ పుస్తకంగా వస్తుందనగా మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. ఆ అధ్యాయం మొత్తం ఆమెకి చదివి వినిపించాను. చదవడానికి గంటన్నర పట్టింది. నా విమర్శ భాష వచ్చిన చోటల్లా ఆమె వక్క కొరుక్కుంటూ దూరంగా చూసింది. తన మాటలు వచ్చిన చోట తల దించుకుంది. అయిపోయాక, పేరు మార్చాను పెద్దమ్మా, నీ అసలు పేరు పెట్టమంటావా అని అడిగాను. ఆమె పెట్టమంటే అదొక రాజకీయ ప్రకటన అవుతుందని, వద్దంటే నా నియమమే సరి అని తేలుతుందని, రెంటికీ సిద్ధపడి వెళ్ళాను.

"పాటలకు నా పేరు పెట్టు బిడ్డా" అంది. "పెద్ద అచ్చరాలల్ల పెట్టు. నా మనుమరాలు చదువుతది. గా ముచ్చట మాత్రం తీసెయ్. అది పాట గాదు గద."

ఆమె అడిగింది ఇంతే. తను తయారుచేసింది తన పేరు మీద ఉండాలి. తనకి జరిగింది ఎవరి పుస్తకంలోనూ ఉండకూడదు. నేను సరిగ్గా దీనికి తిరగేసి చేశాను. జరిగిందాన్ని అచ్చు వేసి, చేసినదానికి పేరు తీసేశాను. అనుభవం మీద స్త్రీకి అధికారం ఉందని క్లాసులో చెబుతుంటాను. ఆ అధికారంలో చెప్పకుండా ఉండే హక్కు, చెప్పినదాన్ని వెనక్కి తీసుకునే హక్కు కూడా ఉన్నాయా అని ఏ విద్యార్థినీ అడగలేదు, నేనూ అడుగుకోలేదు. క్రాఫర్డ్ కనీసం ఆ పాటని ఆమెకే తెచ్చి ఇచ్చాడు, ఆమె నోటితోనే పాడించాడు. నాకంటే ఒక మెట్టు పైనే ఉన్నాడు.

స్టేటన్ తర్వాత ఆ సంబంధంలోంచి బయటపడింది. 1980ల మొదట్లో డిస్కో వదిలేసి గాస్పెల్‌కి తిరిగి వెళ్ళింది. 1986లో పాడిన ఒక పాటలోంచి ఆమె గొంతుని మాత్రం విడదీసి, వేరే సంగీతం మీద అతికించారు. 1991లో అది బ్రిటన్‌లో 4వ స్థానానికి ఎక్కింది. ఈసారి కథ కూడా అక్కర్లేకపోయింది వాళ్ళకి, గొంతు చాలింది. పాత పాటని మాత్రం ఆమె ముసలితనంలోనూ వేదికల మీద పాడుతూ వచ్చింది. వెళ్ళిపోలేకపోతున్నానని చెప్పే ఆ మాటల్ని, ఎప్పుడో వెళ్ళిపోయిన మనిషి పాడుతుంటే ఎలా ఉంటుందో ఆ వీడియోలు చూస్తే తెలుస్తుంది. నవ్వుతూ పాడుతుంది.

ఆ పదకొండు పేజీలూ తీసేశాను. మొదటి పేజీలో, నా పేరుకి పైన, పెద్ద అక్షరాల్లో ఆమె పేరు పెట్టాను. నాలుగో అధ్యాయం ఇప్పుడు కుంటుతోంది, వాదనకి ఆధారమే లేదు. శీర్షిక కూడా మార్చాలి. పుస్తకం వేస్తామన్నవాళ్ళు ఫోను చేసి, పుస్తకంలో బలమైన భాగమే తీసేశారేమిటని అడిగారు. నిజమే, బలమైన భాగమే. దానికి బదులు ఆమె పాడిన మరో ఆరు పాటలు, ఎక్కడ ఊపిరి తీసుకుందో ఎక్కడ వరస మార్చిందో గుర్తులతో సహా ఇచ్చాను. అవి ఎవరు చదువుతారని అడిగారు.