రాజభవనంలో ఒక రాత్రి



హైదరాబాదులోని ఫలక్‌నుమా ప్యాలెస్‌కు 1884లో పునాది వేసింది పైగా అమీరు వికారుల్ ఉమ్రా. కట్టేసరికి అప్పుల్లో మునిగి, ఆఖరికి దాన్ని ఆరో నిజాముకు అప్పజెప్పినాడు. 1911లో ఆ నిజామూ పోయినాడు. చాలాకాలం వాడకం లేకుండా పడుండిన ఆ భవనాన్ని బాగుచేసి 2010లో తాజ్ వాళ్ళు హోటలుగా తెరిచినారు. ఒకేసారి 101 మంది కూర్చుని తినే బల్ల ఉందందులో. మన గండికోట దగ్గర కూడా 2023లో ఒబెరాయ్ హోటలుకు శంకుస్థాపన జరిగింది.

మన పిల్లలు అడుగుతారు: సంపాదించుకున్న డబ్బుతో అట్లాంటి చోట ఒక రాత్రి ఉంటే తప్పా?

నేను తప్పనను. నిజాము కాలంలో ఆ గేటు దాటాలంటే పిలుపు ఉండాల. ఈరోజు రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్ళ పేరెత్తి మరీ చెప్తుంది, కులం చూసి ఎవరినీ ఆపగూడదని. బాబాసాహెబ్ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడుగా ఉండి తయారుచేసిన రాజ్యాంగమది. ఆ హక్కును చిన్నచూపు చూడొద్దు. రేటు చూస్తే మనలో నూటికి తొంభైమంది గేటు బయటే ఉంటారు, అది వేరే లెక్క.

నా అనుమానం ఇంకోచోట ఉంది. ఆ హోటలు అమ్మేది గదిని మాత్రమే కాదు, ఒక్క రాత్రి రాజరికాన్ని. రాజు కావాలంటే ఎదురుగా వంగి నిలబడే మనిషొకడు ఉండాల కదా! సిద్ధార్థుడికి చలికొకటి, ఎండకొకటి, వానకొకటి మూడు భవనాలుండేవి. అన్నీ వదిలిపెట్టి వచ్చినాడు. తర్వాత శాక్య రాకుమారులు సంఘంలో చేరడానికి వచ్చినప్పుడు, తమకు క్షౌరం చేసే ఉపాలికే ముందు దీక్ష ఇమ్మని వాళ్ళే అడిగినారు. ముందు చేరినవానికి వెనక వచ్చినవాళ్ళు మొక్కాల. తమ గర్వం అణగాలనే అట్లా కోరినారు.

మా బంధువుల పిల్లోడొకడు పెద్ద హోటల్లో గదులు సర్దే పని చేస్తాడు. చొక్కా మీద పేరు బిళ్ళ ఉంటుంది. అయినా "ఏయ్" అనే పిలుస్తారంట. "మనోళ్ళు గూడా అంతేనా రా?" అంటే వాడు నవ్వి, "కొందరు అంతే చిన్నాయనా, జేబులో నీలం పెన్ను, ఫోన్లో అంబేద్కర్ బొమ్మ ఉంటాయి గానీ" అన్నాడు.