అసూయ లేనివారి గోష్ఠి

విద్యావంతులు పాఠం ముగిశాక ఒకచోట చేరి మాట్లాడుకోవడం విద్యలో భాగమా, లేక విద్యనుండి తీసుకునే విశ్రాంతి మాత్రమేనా అన్నది పైకి చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది గానీ, దాని అడుగున జ్ఞానం ఒంటరిగా కూర్చున్న మనిషికి కలుగుతుందా, నలుగురి నడుమ కలుగుతుందా అన్న పాత తాత్త్విక వివాదం ఉంది. పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఫ్యాకల్టీ క్లబ్ అనీ, కళాశాలల్లో స్టాఫ్ రూమ్ అనీ పిలిచే చోటును పాలకవర్గం ఉద్యోగుల సౌకర్యాల పద్దులో వేస్తుంది. అక్కడ టీ తాగుతారు, పత్రికలు తిరగేస్తారు, క్యారమ్స్ ఆడతారు, ఉగాదికి కవిసమ్మేళనం, పదవీ విరమణకు సన్మానం జరుపుతారు కాబట్టి అది చదువుకు వెలుపలిదన్న భావం సహజంగానే స్థిరపడింది. భారతీయ శాస్త్రాలు ఈ విషయాన్ని ఇంత తేలికగా వదిలిపెట్టలేదు. ఒకే విద్యలో కృషి చేసినవారి మధ్య సాగే మాటను అవి జ్ఞానసాధనంగా, ఒకచోట మోక్షసాధనంగా కూడా లెక్కించాయి. ఆ లెక్కలోని బలమూ లోపమూ రెండూ బయటపడే నేల కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల నడిగడ్డ, దానికి పొరుగునున్న వనపర్తి, నాగర్‌కర్నూల్ సీమలు.

గౌతముని న్యాయసూత్రాలు నాలుగో అధ్యాయం రెండో ఆహ్నికంలో మోక్షానికి దారి చెబుతూ, యమనియమాలతోనూ యోగంతోనూ ఆత్మను సంస్కరించుకోవాలని చెప్పిన వెంటనే, జ్ఞానాన్ని గ్రహించి అభ్యసించాలనీ, ఆ విద్య తెలిసినవారితో సంవాదం చెయ్యాలనీ విధిస్తాయి. ఇక్కడ సంవాదం అంటే గెలుపు కోసం చేసే పోరు కాదు, కలిసి చేసే విచారణ. తరువాతి సూత్రం ఆ సంవాదం ఎవరితో చెయ్యాలో పేర్కొంటుంది: శిష్యునితో, గురువుతో, సబ్రహ్మచారితో అంటే సహాధ్యాయితో, శ్రేయస్సు కోరే విశిష్టులతో, వీరందరికీ కలిపి పెట్టిన షరతు ఒక్కటే, వారు అసూయ లేనివారై ఉండాలి. పాండిత్యం ఎంత ఉండాలో, వయసెంత ఉండాలో సూత్రకారుడు చెప్పలేదు. ఆ పైసూత్రం మరింత లోతైనది, ఎందుకంటే తత్త్వం తెలుసుకోవాలన్న కోరిక నిజమైనదైతే ప్రతిపక్షం నిలబెట్టకుండానే, తన ప్రశ్నను ఎదుటివారి ముందుంచి, వారి మాటలతో తన అభిప్రాయాన్ని శుద్ధి చేసుకోవచ్చునని అది అంటుంది. తర్కానికే పుట్టిన శాస్త్రం తర్కం అవసరం లేని సంభాషణను ఒప్పుకున్న ఈ చోటు తగినంత గుర్తింపు పొందలేదు.

చరకసంహిత విమానస్థానంలో ఇదే విషయాన్ని వైద్యుల కోసం మరింత ఆచరణీయంగా చెప్పారు. ఒకే విద్య తెలిసినవారి మధ్య జరిగే మాటకు అక్కడ ‘తద్విద్యసంభాష’ అని పేరు. అది రెండు విధాలు: స్నేహభావంతో కలిసి చేసేది సంధాయ సంభాష, పోటీకి దిగి చేసేది విగృహ్య సంభాష. మొదటిదానికి తగిన మనిషి కోపిష్ఠి కాకూడదు, అసూయ ఉండకూడదు, ఇతరులకు నచ్చజెప్పడం తెలిసినట్టే తాను ఒప్పుకోవడమూ తెలిసి ఉండాలి. అటువంటి వానితో జంకు లేకుండా మాట్లాడాలి, జంకు లేకుండా అడగాలి, ఓడిపోతానేమోనని బెంగపడకూడదు, ఓడించినందుకు పొంగిపోకూడదు, ఆ సంగతి బయట నలుగురిలో చెప్పుకుని తిరగకూడదు. ఈ చివరి నియమం రాసిన మనిషి విద్వాంసుల లోకాన్ని ఎంత దగ్గరగా చూసి ఉండాలి! స్టాఫ్ రూములో అన్న మాట సాయంత్రానికి ఊరంతా తిరిగితే మరునాడు అక్కడ ఎవరూ నోరు విప్పరని ఏ కళాశాలలో పనిచేసిన అధ్యాపకునికైనా తెలుసు.

గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న పేరు ఊరికే రాలేదు. పద్దెనిమిదో శతాబ్ది తొలిరోజుల్లో సోమనాద్రి కట్టించిన కోట, అందులోని చెన్నకేశవస్వామి ఆలయం కేంద్రంగా గద్వాల సంస్థానం దాదాపు రెండున్నర శతాబ్దాలు పండితులను పోషించింది. కార్తీక, మాఘ మాసాల్లో జరిగే సభలకు దూరప్రాంతాలనుంచి శాస్త్రజ్ఞులు, కవులు వచ్చేవారు, పరీక్షకు నిలిచేవారు, వార్షికాలు అంటే ఏటేటా ఇచ్చే సంభావనలు అందుకునేవారు. వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం రాజధానిగా ఉన్న జటప్రోలు సంస్థానాలు కూడా ఇదే పద్ధతిలో నడిచాయి కాబట్టి, ఒక పండితుడు ఒక చోటినుంచి మరో చోటికి సాగిపోతూ నెలల తరబడి గడిపే విద్యాయాత్ర ఈ సీమలో సాధ్యమైంది. తిరుపతి వేంకటకవులు ఇక్కడి సంస్థానాలను దర్శించి ఆ అనుభవాలను ‘నానారాజసందర్శనం’లో పద్యాలుగా నిలిపారు. ఆచార్య తూమాటి దోణప్ప ఆంధ్ర సంస్థానాల సాహిత్యపోషణను పరిశోధనాంశంగా తీసుకునేసరికి ఆ సభలు చరిత్రలో కలిసిపోయాయి.

ఇటువంటి సభల్లో శాస్త్రులు చేసే వాక్యార్థాన్ని కొంచెం దగ్గరగా చూడవలసి ఉంది. వాక్యార్థమంటే ఒక శాస్త్రవాక్యం తీసుకుని దాని అర్థాన్ని నిర్ణయించడానికి ఇద్దరు సభాముఖంగా చేసే చర్చ. ఒకరు పూర్వపక్షం, అనగా ఖండించడానికి ముందు నిలిపే ఎదుటివాదం చెబుతారు. రెండోవారు వెంటనే జవాబు చెప్పకూడదు, ఎదుటివారు అన్నదాన్ని తన నోట మళ్లీ చెప్పి, అది వారు అన్నదేనని సభ అంగీకరించిన తరువాతనే ఖండనకు దిగాలి. ఇలా తిరిగి చెప్పడాన్నే శాస్త్రంలో అనువాదం అంటారు. ఈనాడు ఒక భాషనుంచి మరో భాషకు మార్చడానికి వాడుతున్న ఈ మాటకు మూలార్థం వెంట చెప్పడం. ఎదుటివాని మాటను వంకర తిప్పి చెప్పిన పండితుడు అక్కడికక్కడే నిగ్రహస్థానంలో పడతాడు, అనగా ఓడినట్టు లెక్క. శత్రువు అభిప్రాయాన్ని ఒక్క నిమిషం తన నాలుకపై మోయవలసి రావడం వినయానికి సంబంధించిన సాధన. పదహారో శతాబ్దిలో ద్వైతి అయిన వ్యాసతీర్థుల ‘న్యాయామృతా’నికి అద్వైతి అయిన మధుసూదన సరస్వతి ‘అద్వైతసిద్ధి’లో జవాబిచ్చినప్పుడు పాటించిన పద్ధతీ ఇదే, ఎదుటివాదాన్ని అంత నిశితంగా తిరిగి చెప్పగలిగినందువల్లనే ఆ రెండు గ్రంథాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవడం సంప్రదాయమైంది.

అయితే సంస్థాన సభలను కేవలం పొగిడి ఊరుకోవడం న్యాయం కాదు. రాజు ఎదుట సంభావన కోసం జరిగే చర్చ, ఎంత శాస్త్రీయంగా ఆరంభమైనా, సంధాయ సంభాషగా నిలవడం కష్టం. న్యాయశాస్త్రం చర్చను మూడుగా విభజించింది: తత్త్వనిర్ణయం కోసం జరిగేది వాదం, గెలుపు కోసం అడ్డదారులు కూడా తొక్కేది జల్పం, తనకంటూ పక్షమే లేకుండా ఎదుటివానిని పడగొట్టడానికే చేసేది వితండ. జల్ప వితండలకు కూడా సూత్రకారుడు ఒక ప్రయోజనం చెప్పాడు, మొలకను కాపాడటానికి చుట్టూ నాటే ముళ్లకంప వంటివి అవి అని. ఈ ఉపమానం ఈ పాలమూరు సీమ రైతుకు వివరించనక్కరలేదు. ఇబ్బంది ఎక్కడంటే, సన్మానం చుట్టూ తిరిగే సభలో ఏటేటా కంప పెరుగుతూ పోతుంది, మొలక సంగతి మరుగున పడుతుంది. తిరుపతి వేంకటకవులకూ కొప్పరపు సోదరకవులకూ మధ్య సాగిన వివాదం తెలుగు అవధానవిద్యను ఊరూరా తీసుకువెళ్లిన మాట నిజమే గానీ, ఆ కాలంలో అభిమానులు రెండుగా చీలిపోయి పద్యాలతో కొట్టుకున్న తీరులో చరకుడు కోరిన సౌమ్యత వెతికినా దొరకదు.

ఈ సంకటం సంస్థానాలతో పుట్టినది కాదని బృహదారణ్యకోపనిషత్తు చెబుతుంది. జనకుడు కొమ్ములకు బంగారం కట్టిన వెయ్యి ఆవులను బహుమానంగా నిలిపి బ్రహ్మవేత్తలను పిలిచిన సభలో, యాజ్ఞవల్క్య మహర్షిని చాలామంది ప్రశ్నిస్తారు. వారిలో ఇద్దరి కథ పక్కపక్కన పెట్టి చదవదగినది. గార్గి మొదట హద్దు దాటి అడుగుతున్నావన్న హెచ్చరిక విని ఊరుకుంటుంది, తరువాత సభ అనుమతి తీసుకుని మళ్లీ రెండు ప్రశ్నలు అడుగుతుంది, జవాబులు విన్నాక ఈయనను బ్రహ్మవాదంలో గెలవగలవారు మీలో లేరని తానే పండితులకు ప్రకటిస్తుంది. విదగ్ధ శాకల్యుడు మాత్రం పట్టు వదలక అడుగుతూ పోయి, ఎదురుప్రశ్నకు జవాబు తెలియక, తల తెగిపడి మరణిస్తాడు. సభ ఒక్కటే, బహుమానం ఒక్కటే. గార్గికి ఆవుల మీద దృష్టి లేదు. తల తెగిపడటమన్నది పాండిత్యం ఉన్నప్పటికీ వినే శక్తి పోయిన మనిషి స్థితిని చెప్పే సంకేతమని అర్థం చేసుకోవచ్చు.

గార్గి పేరు మరో కఠినమైన ప్రశ్నను లేపుతుంది. ఉపనిషత్తులో ఒక స్త్రీ సభలో లేచి నిలబడింది, చరకుని జాబితాలో ఉన్నవన్నీ గుణాలే, కులం ఊసు లేదు. అయినా సంస్థానాల కాలానికి వచ్చేసరికి పండితపంక్తిలో కూర్చున్నవారు దాదాపు పురుషులే, అందులోనూ ఒకటి రెండు కులాలవారే. 1924 తరువాత గద్వాలను పాలించినది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. సభను పోషించే చేతులు స్త్రీవి కావడానికి లేని అడ్డు, వాదానికి కూర్చునే చోట ఎందుకు వచ్చిందో ఏ శాస్త్రవాక్యమూ సమాధానం చెప్పదు. అసూయ అంటే ఎదుటివాని గుణంలో దోషం వెతకడమని సంప్రదాయం నిర్వచించింది. ఎదుటివానికి గుణమే ఉండదని ముందే తీర్మానించి తలుపు వేయడం అంతకన్నా పెద్ద అసూయ.

ఆ తలుపు తెరిచే ప్రయత్నాలు ఇదే మట్టిలోనుంచి వచ్చాయి. గద్వాల సీమకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించి 354 మంది కవులను ఒక్కచోట చేర్చారు. రాజు లేడు, సంభావన లేదు, పరీక్ష లేదు. అచ్చుపుటపై కుదిరిన పంక్తి అది. 1953లో గడియారం రామకృష్ణశర్మ పూనికతో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు అలంపురంలో జరిగినప్పుడు, చాళుక్యుల నవబ్రహ్మాలయాలున్న ఆ చిన్న ఊరికి సంప్రదాయ పండితులు, అభ్యుదయ కవులు కలిసి వచ్చారు. కాళోజీ కవితాసంపుటి ‘నా గొడవ’ వెలుగుచూసినది అక్కడే. శాసనాలు చదివే పండితుడు పీడితుని గొడవకు వేదిక అమర్చడం, ప్రతిపక్షం నిలబెట్టకుండా వినవచ్చునన్న గౌతముని మాటకు ఆధునిక కాలంలో దొరికే మంచి ఉదాహరణ.

మాటపై భక్తిమార్గం చేసిన ఆక్షేపాన్ని కూడా పట్టించుకోవాలి. నారదభక్తిసూత్రాలు వాదాన్ని ఆశ్రయించవద్దని సూటిగా చెబుతాయి, దానికి అంతులేదనీ, దానివల్ల ఏదీ స్థిరపడదనీ కారణం చూపుతాయి. ఈ ఆక్షేపం బలమైనదే, కానీ అది తగిలేది గెలుపు కోసం సాగే వాదానికి. భక్తులు గద్గద స్వరంతో ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ తమ వంశాలనూ భూమినీ పావనం చేస్తారని అదే గ్రంథం చెప్పింది. నారదుడు కాదన్నది గెలుపును, కలిసి మాట్లాడుకోవడాన్ని కాదు.

సంస్థానాలు పోయాయి. గద్వాల కోటలో మహారాణి పేర డిగ్రీ కళాశాల, వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ వెలిశాయి. 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం గద్వాల, వనపర్తి, కొల్లాపురాల్లో పీజీ కేంద్రాలు నడుపుతున్నది. రాజుల కట్టడాలు చదువుకు దక్కాయి గానీ, గోష్ఠి కట్టడంతో పాటు రాదు. దూరపు ఊళ్లనుంచి రైల్లోనో బస్సులోనో వచ్చి, చివరి పీరియడ్ ముగియగానే స్టేషన్‌కు పరుగెత్తే అధ్యాపకునికి సబ్రహ్మచారి దొరికే సమయం ఏదీ? రెగ్యులర్, కాంట్రాక్టు, పార్ట్‌టైం అన్న మెట్లు కుర్చీల వరుసలోనే కనిపించే చోట జంకు లేకుండా అడగడం ఎవరికి సాధ్యం? ఆ మెట్లు ఉన్నంతకాలం క్లబ్బుకు ఎంత పెద్ద భవనం కట్టినా అందులో సంధాయ సంభాష పుట్టదు.

అయినా ఆ సంభాష ఎవరూ అనుకోని చోట, స్పాట్ వాల్యుయేషన్ బల్ల దగ్గర, అప్పుడప్పుడు పుడుతూనే ఉంటుంది. అనేక కళాశాలల అధ్యాపకులు జవాబుపత్రాల కట్టలు ముందు పెట్టుకుని ఎర్రసిరా కలాలతో కూర్చునే ఆ హాలులో, పుస్తకంలో లేని దారిలో రాసిన ఒక జవాబు దగ్గర ఒకరి చెయ్యి ఆగుతుంది. పక్కవారు సున్నా వేయమంటారు, ఎదుటివారు ఆలోచన ఉందంటారు, చివరకు ఒకరు ఆ పేరాను మొదటినుంచి పైకి చదివి వినిపిస్తారు, మిగిలినవారు కలాలు కింద పెట్టి వింటారు. పత్రంపై ఉన్నది కోడ్ నంబరు మాత్రమే. అది రాసిన విద్యార్థి ఎవరో, ఆడో మగో, ఏ ఊరో, ఏ కులమో ఆ బల్ల చుట్టూ ఉన్నవారిలో ఎవరికీ తెలియదు.